వదిన ఒలిచిన గుడ్లు

బూట్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటమాస్టరుకి ఎదురు చెప్పేవాళ్ళు లేరు. మనిషి కోపిష్ఠి అని కాదు, చేతిలో పనితనం ఉన్నవాడు. రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు ఇంటికి పోకుండా ఆగి, అతని సూపు తాగి మరీ వెళ్ళేవాళ్ళు. ఉల్లిపాయలు వేగాయో లేదో తిరిగి చూడకుండా వాసనతోనే చెప్పేవాడు. అలాంటివాడికి ఒకే ఒక్క లోపం ఉండేది. అది లోపమని అతనికీ తెలియదు. అతను ఒలిచిన గుడ్డు ఎలక కొరికిన సబ్బుబిళ్ళలా ఉండేది.

పెంకు ఊడదీస్తుంటే దాన్ని పట్టుకుని తెల్లసొన కూడా చెక్కలుచెక్కలుగా వచ్చేసేది. పచ్చసొన సందులోంచి తొంగిచూసేది. గుడ్డంటే అంతేననుకున్నాడు మాస్టరు. తినేవాళ్ళూ అంతేననుకుని ఇంత ఉప్పు జల్లుకుని, రొట్టెతో తినేసి పోయేవాళ్ళు.

గొడవంతా అతని చెయ్యి కాలడంతో మొదలైంది. పెద్ద గిన్నె మీద మూత తీస్తుంటే ఆవిరి కొట్టి, కుడిచెయ్యి మణికట్టు దాకా బొబ్బలెక్కింది. డాక్టరు కట్టు కట్టి తడి తగలనివ్వద్దన్నాడు. సూపయితే ఎడంచేత్తోనైనా కలపొచ్చు. గుడ్లు ఎవరు ఒలుస్తారు? అతని భార్య పనిచేసే లాండ్రీ ఆ మధ్యే మూతపడి ఆమె ఇంట్లోనే ఉంది.

"కట్టు విప్పేదాకా మీ ఆవిణ్ణి తీసుకురారాదూ" అన్నాడు క్యాంటీన్ మేనేజరు.

మాస్టరు సరేనన్నాడు. తన రాజ్యం భార్యకి చూపించే అవకాశం వచ్చిందని లోలోపల మురిశాడు కూడా. వంటింటి వెనకగదిలో ఒక పొయ్యి, ఒక సింకు, పెరట్లోకి తెరుచుకునే తలుపు ఉండేవి. గుడ్ల పని అక్కడ. ఆమెకి ఆ గది అప్పజెప్పి, "కంగారుపడకు, పెంకు ముక్క లేకుండా చూస్తే చాలు" అని ధైర్యం చెప్పి తన సూపు దగ్గరికి పోయాడు.

ఆమె పంపిన పళ్ళెం బల్ల మీదకి రాగానే వరసలో ముందున్న తోలు కత్తిరించే అతను గుడ్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడా గీత లేదు. "ఇది గుడ్డేనా అన్నా? అద్దం అనుకుని మొహం చూసుకోబోయాను" అన్నాడు. వెనకవాళ్ళు మెడలు చాచారు. మాస్టరుని అందరూ అన్నా అంటారు కాబట్టి ఆ పూటకే అతని భార్య అందరికీ వదిన అయిపోయింది. వారం తిరక్కుండా ఒక కొత్త మాట పుట్టింది. పళ్ళెం పట్టుకుని వచ్చినవాడల్లా, "ఇవి అన్న ఒలిచినవా, వదిన ఒలిచినవా?" అని అడిగి గానీ గుడ్డు ముట్టుకునేవాడు కాదు.

మాస్టరు మొదట్లో వాళ్ళతోపాటు నవ్వాడు. కట్టు విప్పాక మళ్ళీ గుడ్ల దగ్గర కూర్చున్నాడు. ఆ రోజు బల్ల మీద రెండు పళ్ళేలు పెట్టారు, ఒకటి అతనిది, ఒకటి ఆమెది. ఆమె పళ్ళెం ఖాళీ అయ్యింది. అతని పళ్ళెంలో గుడ్లు కదల్లేదు. చివర్లో వచ్చిన ముసలి కాపలాదారు ఒక్కడు, పళ్ళు లేనివాడు, "ఏదైతేనేం నాయనా, నమిలే బాధ తగ్గింది" అంటూ అతని చిరిగిన గుడ్డు తీసుకున్నాడు.

"గుడ్లు ఆవిడకే వదిలెయ్ మాస్టరూ. నీకూ కాస్త ఊపిరాడుతుంది" అన్నాడు మేనేజరు. మంచికే అన్నాడు. మాస్టరుకి మాత్రం పుండు మీద కారం చల్లినట్టయింది.

అసూయ అనేది బయటివాళ్ళ మీద పుడితే ఎలాగోలా దాచుకోవచ్చు. ఒకే కంచంలో తిని ఒకే కప్పు కింద పడుకునే మనిషి మీద పుడితే ఎక్కడ దాస్తాం? ఇంటికి వెళ్ళే దారిలో ఆమె ఏ పాటో కూనిరాగం తీస్తుంటే అది తన ఓటమి పాటలా వినిపించేది. ఆమె చేతులకేసి చూసేవాడు. మామూలు చేతులే. వేళ్ళు పొట్టివి, లాండ్రీ సబ్బుకి చర్మం గరుకెక్కింది. అడిగితే చెప్పేస్తుందని అతనికి తెలుసు. కానీ నోరు రాలేదు. పెళ్ళయిన కొత్తలో ఆమెకి సూపు పెట్టడం నేర్పింది తను. ఇప్పుడు తిరిగి, గుడ్డు ఉడకబెట్టడం ఎలాగో చెప్పవా అని అడగడమా? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కిపోయేది.

చివరికి పక్కవీధిలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళాడు.

"మీ ఆవిణ్ణే అడగొచ్చుగా" అంది అక్క, అంతా విని.

"నేను పని నేర్పిన మనిషిని నేనే అడగాలా? గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టు లేదూ?"

"ఏం, వెక్కిరించిందా?"

"లేదు. ఒక్క మాటంటే ఒక్క మాట అనదు. అదే నా ఏడుపు."

అక్క నవ్వు ఆపుకుంది. "ఉప్పు వేసి ఉడకబెట్టమంటారు కొందరు. వెనిగర్ అంటారు ఇంకొందరు. తినేసోడా అని కూడా విన్నాను. నన్నడిగితే మాత్రం నావీ నీలాగే వస్తాయి తమ్ముడూ. మన వంశానికే గుడ్డు అచ్చిరాలేదు."

ఆదివారం భార్య వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళగానే మాస్టరు పొయ్యి మీద మూడు గిన్నెలు ఎక్కించాడు. ఉప్పు వేసిన గుడ్లు ఎప్పట్లాగే చిరిగాయి. వెనిగర్‌లో వేసినవి నురగలు కక్కి, పెంకు సున్నంలా చేతికంటుకుంది గానీ లోపలి పొర ఊడిరాలేదు. సోడావి కాస్త నయం. కానీ కొరికితే కాలిన అగ్గిపుల్ల వాసన. ఆనవాళ్ళు మిగలకూడదని గుడ్లన్నీ తనే తినేశాడు. సాయంత్రం భార్య వచ్చి గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చింది.

"ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదే."

"తిండికి లేస్తావా?"

"ఆకలిగా లేదు."

ఆమె చెత్తబుట్ట మూత తీసి చూసి, మళ్ళీ మెల్లిగా పెట్టేసింది. పెదాలు బిగబట్టుకుని అవతలికి వెళ్ళిపోయింది. నవ్వొస్తుందని బిగబట్టుకుంది. అతను అది జాలి అనుకున్నాడు. జాలి మరీ మండించింది.

మర్నాడు సిగ్గు విడిచి వెనకగది తలుపు సందులోంచి చూశాడు. నీళ్ళు కళపెళా మరుగుతున్నాయి. ఆమె గుడ్లని గరిటెతో ఒక్కొక్కటే ఆ మరిగే నీళ్ళలోకి జారవిడుస్తోంది. మాస్టరు నోరు తెరిచాడు. అతనికి పని నేర్పిన పెద్దాయన, చన్నీళ్ళలో వేసి సన్నమంట మీద మరిగించాలి, లేకపోతే పగులుతాయి అని చెవి మెలేసి మరీ నేర్పాడు. ఇక్కడ ఒక్కటీ పగల్లేదు. ఉడికాక వాటిని ఐసు నీళ్ళలో ముంచింది. చల్లారాక బల్ల మీద చిన్నగా దొర్లించి, మొద్దుగా ఉన్న కొన దగ్గర గిల్లి, నీళ్ళ లోపలే బొటనవేలితో తోసింది. పెంకు టోపీ తీసినట్టు వచ్చేసింది.

అదే పద్ధతిలో తనూ చేసి చూశాడు. ఇదివరకటి కన్నా మెరుగే. అయినా సగం గుడ్లు చిరిగాయి. రహస్యంలో ఇంకా ఏదో మిగిలే ఉంది.

ఆ మిగిలినదాని కోసం పొంచి చూస్తుండగానే అతని అసూయ దారి తప్పింది. క్యాంటీన్‌కి గుడ్లు తెచ్చే వ్యాను అతణ్ణి అందరూ ఈలన్న అనేవాళ్ళు. ట్రేలు దింపుతున్నంతసేపూ ఈల వేస్తూనే ఉంటాడు. మాస్టరు కన్నా వయసులో చిన్నవాడు, మాటకారి. ఒక పొద్దున్న పెరటి తలుపు దగ్గర అతనూ తన భార్యా గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మాస్టరు చెవిన పడింది.

"ఎప్పట్లాగే వెనకాల పెట్టాను అక్కా. పైన గోనె కప్పాను" అన్నాడు ఈలన్న.

"మాస్టరు కంట పడనివ్వకు. చూస్తే ఊరుకోడు" అంది ఆమె. అని నవ్వింది. ఈమధ్య ఇంట్లో వినపడని నవ్వు అది.

మాస్టరు గోడ చాటునే ఆగాడు. వ్యాను వెళ్ళాక గోనె ఎత్తి చూశాడు. గుడ్ల ట్రేలే. కాకపోతే వాటి అంచున సుద్దతో వేసిన తేదీ పది రోజుల కిందటిది. మాస్టరు జన్మలో పాత గుడ్డు కొన్నవాడు కాదు. సరుకు తాజాగా లేకపోతే ట్రేలతో సహా వెనక్కి పంపేవాడు. అలాంటిది తన క్యాంటీన్‌కే వీడు పాత సరుకు అంటగడుతున్నాడా? తన భార్య అది కప్పిపెడుతోందా? పరాయివాడి మోసాన్ని ఒక ఆడమనిషి మొగుడి కళ్ళు గప్పి ఎందుకు దాస్తుంది? ఆ ప్రశ్నకి మామూలు బుర్రకి నాలుగు జవాబులు తోచేవి. అతనికి ఒక్కటే తోచింది. పొయ్యి దగ్గర రాజుకున్న నిప్పు ఇంటికప్పుకి అంటుకుంది.

ఆమెని అడగలేదు. తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్ళి, "ఈలన్న పాత గుడ్లు వేస్తున్నాడు. కావాలంటే మీరే చూసుకోండి" అని గోనె ఎత్తి చూపించాడు. మేనేజరు మండిపడి ఆ పూటే సరఫరా మార్చేశాడు. ఊరి చివర కోళ్ళఫారం నుంచి ఏ రోజు గుడ్లు ఆ రోజే వచ్చే ఏర్పాటు జరిగింది.

సాయంత్రం ఇంటి దగ్గర బట్టలు మడతపెడుతూ భార్య అడిగింది. "ఈలన్నని మాన్పించారట?"

"పాత సరుకు వేస్తే మాన్పించరా?"

"అది కాదు, ఆ గుడ్లు నేనే..."

"ఏం, అతనంటే అంత జాలేమిటి నీకు?"

మాట ఎలా వచ్చిందో అలా పడింది. ఆమె చేతిలో చొక్కా అలాగే ఆగిపోయింది. చెప్పబోయిన మాట మింగేసి, చొక్కా మడత పూర్తిచేసి, లేచి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే పెద్ద కొనుగోలుదారులు ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చారు. మధ్యాహ్నం వాళ్ళకి కూడా క్యాంటీన్‌లోనే భోజనం. సూపు, రొట్టె, పచ్చికూరల ముక్కలు, నిలువునా కోసి వరసగా పేర్చిన గుడ్లు. "వదిన గుడ్లు చూస్తే వాళ్ళ కళ్ళు చెదరాలి" అన్నాడు మేనేజరు చేతులు రుద్దుకుంటూ. మాస్టరు సూపు గరిటె అందుకున్నాడు.

సూపు దించి వెనకగదిలోకి తొంగిచూశాడు. భార్య సింకు ముందు నిలబడి ఉంది. మొహమంతా చెమట. ఆమె చేతిలో గుడ్డు చిరిగి ఉంది. పక్కన పళ్ళెంలో ఉన్నవీ చిరిగే ఉన్నాయి. పచ్చసొనలు సందుల్లోంచి తొంగిచూస్తున్నాయి. అచ్చం తను ఒలిచినట్టే ఉన్నాయి. ఆమె గోటి చివర పెంకు గుచ్చుకుని నెత్తురు కనిపిస్తోంది. అయినా ఇంకో గుడ్డు తీసుకుంది. అదీ అంతే.

మాస్టరు గుండెలో ఏదో తియ్యగా కరిగింది. ఎన్నాళ్ళుగానో ఇరుక్కున్న ముల్లు ఊడినట్టయింది. ఆ తీపి మొహం మీదకి వచ్చిందని అతనికి తెలియలేదు. ఆమె తలెత్తి చూసింది.

"సంతోషంగా ఉందా?" అంది.

అతను చటుక్కున మొహం సర్దుకున్నాడు. ఆలస్యమైపోయింది.

"తాజా గుడ్డు ఒలవడానికి రాదు. ఎవరి చేతికీ రాదు" అంది ఆమె, గొంతు పెంచకుండా. "పెంకు కింద పొర తెల్లసొనని పట్టుకుని వదలదు. వారం పది రోజులు చల్లగా ఉంచితే వదులుతుంది. లాండ్రీలో పక్క బల్ల దగ్గర పనిచేసిన ముసలావిడ చెప్పింది నాకు. నువ్వేమో పొద్దున పెట్టిన గుడ్డు తప్ప ముట్టుకోవు. నీతో గొడవెందుకని మొదటి రోజే ఈలన్నని నేనే బతిమాలి, గోదాములో నిలవున్న ట్రేలు కొన్ని తెచ్చి వెనకాల పెట్టమన్నాను. నీళ్ళలో వేసి చూసి, తేలినవి తీసేసి మరీ వాడాను. నువ్వేమనుకున్నావు?"

మాస్టరు చూపు పళ్ళెం మీదకి దించుకున్నాడు. చెప్పలేదు. చెప్పకపోవడమే జవాబయింది. ఆమె మొహంలోంచి రంగు దిగిపోయింది. చేతులు కడుక్కుని, ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి, పెరటి తలుపులోంచి వెళ్ళిపోయింది.

అతిథులు చేతులు కడుక్కుంటున్న చప్పుడు వినబడుతోంది. మాస్టరు ఆ చిరిగిన గుడ్లన్నీ కూరలు తరిగే చెక్క మీద పోసి సన్నగా తరిగాడు. మిరియాలు, నూనె, తరిగిన ఉల్లికాడలు కలిపి రొట్టె మీద మందంగా పరిచి పంపించాడు. అతిథులు లొట్టలు వేసుకుంటూ తిన్నారు. ఒకాయన వంటింటి దాకా వచ్చి చెయ్యి కలిపి వెళ్ళాడు. మేనేజరు భుజం తట్టి, "ఎంతైనా నువ్వు నువ్వే మాస్టరూ" అన్నాడు. ఎన్ని వారాలుగానో ఆ మాట కోసమే ముఖం వాచిపోయి ఉన్నాడు. తీరా అది వచ్చేసరికి నోట్లో బూడిద పోసుకున్నట్టుంది.

ఇంటికి వెళ్ళేసరికి ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఉంది. అతను చెప్పులు విప్పకముందే మాట్లాడింది.

"లాండ్రీలో అన్నేళ్ళు చేశాను. ఇస్త్రీ బాగుంటే చొక్కా బాగుందనేవాళ్ళు, చేసిన మనిషి ఎవరని అడిగినవాళ్ళు లేరు. మొదటిసారి నా చేతి పని బాగుందని నలుగురూ అన్నది ఇక్కడే. అది నువ్వు ఓర్చుకోలేకపోయావు. ఆ ఒక్కటే అయితే నవ్వి ఊరుకునేదాన్ని, చెత్తబుట్టలో పెంకులు చూసి ఊరుకోలేదూ? కానీ నా మీద ఆ ఆలోచన ఎలా వచ్చింది నీకు? పైగా నా మీద కోపం తీసుకెళ్ళి అతని తిండి మీద కొట్టావు."

"తప్పయిపోయింది" అన్నాడు మాస్టరు.

"నాకు చెప్పి ఏం లాభం. పాడైంది అతని పేరు."

ఆ తరవాత ఇంట్లో మాటల్లేవు. తిండి వడ్డించేది, లేచి పోయేది. క్యాంటీన్‌కి రాలేదు. మాస్టరు ఒక్కడే కూర్చుని తాజా గుడ్లు చిరుగులు చిరుగులుగా ఒలిచాడు. అతను కోరుకున్నది అక్షరాలా అదే. గుడ్లు మళ్ళీ అతనివయ్యాయి.

రెండు రోజులు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. మూడోనాడు గుడ్ల గోదాముకి వెళ్ళాడు. ఈలన్న అక్కడ గొట్టంతో ప్లాస్టిక్ ట్రేలు కడుగుతున్నాడు. ఒక చోట మోసం చేశాడన్న మాట పాకి మిగతా క్యాంటీన్లవాళ్ళూ అతను వద్దన్నారట. యజమాని వ్యాను తాళం తీసేసుకున్నాడు. ఈల లేదు.

"ఆ పాత ట్రేల సంగతి మేనేజరుకి చెప్పింది నేనే" అన్నాడు మాస్టరు.

"తెలుసు."

"మా ఆవిడ అడిగి తెప్పించుకుందని నాకు తెలీదు. నేను... వేరేగా అనుకున్నాను."

ఈలన్న గొట్టం కింద పడేశాడు. తడిచేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు. "వేరేగా అంటే?" అని, మాస్టరు మొహం చూసి తనే అర్థం చేసుకున్నాడు. "అన్నా, నీకు చేతిలో పనితనం ఉంది గానీ బుర్రలో పురుగుంది. ఆవిణ్ణి నేను అక్కా అని పిలుస్తాను, అది కూడా వినలేదా నువ్వు?"

మాస్టరు తలదించుకున్నాడు. అది నిజంగానే విన్నాడు. విని కూడా లెక్కలోకి తీసుకోలేదు.

"క్షమించమంటే క్షమిస్తాను, దానికేం. కానీ నా దగ్గర ఒప్పుకుంటే నా వ్యాను రాదు. మీ మేనేజరు దగ్గర ఒప్పుకో. మా యజమాని దగ్గరా ఒప్పుకో. నేను పక్కనుంటాను."

రెండుచోట్లా ఒప్పుకున్నాడు. భార్యతో మాట్లాడకుండా, సరిగ్గా తెలుసుకోకుండా, కడుపుమంటతో నింద వేశానని చెప్పాడు. గోదాము యజమాని అతణ్ణి నిలబెట్టి నానామాటలూ అన్నాడు. మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "గుడ్డు ఒలవడం రాక ఇంత చేశావా మాస్టరూ" అన్నాడు. ఆ మాట తిట్టుకన్నా లోతుగా దిగింది. క్యాంటీన్‌లో ఆ సంగతి అందరికీ తెలిసింది. కొన్నాళ్ళు మాస్టరు వస్తుంటే వరసలో గుసగుసలు ఆగిపోయేవి. అతను తలవంచుకుని సూపు పోసేవాడు. ఈలన్నకి వ్యాను తాళం తిరిగి దొరికింది. రెండు క్యాంటీన్లు మాత్రం అతన్ని మళ్ళీ పిలవలేదు. ఆ నష్టం అలాగే మిగిలింది.

తప్పు ఒప్పుకున్న రోజు సాయంత్రం మాస్టరు గోదాము నుంచి పది రోజుల నాటి గుడ్లు తీసుకుని ఇంటికొచ్చి, గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాడు.

"గుడ్లు ఎలా ఉడకబెట్టాలో నేర్పు" అన్నాడు.

ఆమె కదల్లేదు. "తలుపు సందులోంచి చూసి నేర్చుకున్నావుగా."

"చూశాను. సరిగ్గా రాలేదు. అందుకే అడుగుతున్నాను."

చాలాసేపటికి లేచి వచ్చింది. పక్కన నిలబడి చెప్పిందే గానీ చెయ్యి సాయం చెయ్యలేదు. నీళ్ళు ఇంకా మరగాలంది. గరిటె ఇంకా కిందికి దించమంది. ఐసులో నుంచి తొందరపడి తియ్యబోతే చేతిమీద చిన్నగా కొట్టింది. అలిగాక ఆమె అతన్ని ముట్టుకోవడం అదే మొదలు. నీళ్ళలో ముంచి మొద్దు కొన దగ్గర గిల్లితే పెంకు ఊడి వచ్చింది. గుడ్డు ఎక్కడా చిరగలేదు. మాస్టరు దాన్ని అరచేతిలో పెట్టుకుని చిన్నపిల్లాడిలా చూశాడు.

"నేను మళ్ళీ వస్తాను" అంది ఆమె. "కానీ గుడ్ల గదిలో ఏం కొనాలో, ఎప్పుడు వాడాలో నా ఇష్టం. నువ్వు లోపలికి రావాలంటే తలుపు కొట్టి రా. సందులోంచి చూడకు."

"సరే."

"ఇంకోసారి నా గురించి ఏదైనా తోస్తే నన్నే అడుగు. ముందు అడుగు, తరవాత ఏడువు."

అలాగే జరిగింది. ఆమె గది ఆమెది, అతని సూపు అతనిది. కడుపుమంట మాత్రం అంత తేలిగ్గా చల్లారలేదు. ఎవరైనా ఆమె పనిని మెచ్చుకున్నప్పుడు ఇప్పటికీ లోపల ఎక్కడో చురుక్కుమంటుంది. అప్పుడు మాస్టరు వెళ్ళి ఆ తలుపు కొట్టి, "నాకు కుళ్ళుగా ఉంది" అని చెబుతాడు. ఆమె ఒలుస్తున్న గుడ్డు మీంచి చూపు తిప్పకుండా, "సూపు మాడుతుంది, పో" అంటుంది.